అదనుకు ముందే పనిముట్ల పరీక్ష

దసరా పండుగలో ఆయుధపూజనాడు ఏ గ్రామములోనైనను ఒకసారి వీధివెంట నడచి చూడుడు. వడ్రంగి ఇంట బాడిస, ఉలి, రంపము, చిత్రిక, బరమా వరుసగా పేర్చి బొట్లు పెట్టియుందురు. కమ్మరి కొలిమివద్ద దాగలి, సమ్మెట, పట్టుకారు, ఆకురాయి ఉండును. నేతపనివారి ఇంట మగ్గమునకు, నాడెకు పూజ జరుగును. తాపీపనివారు తాపీని, తూకుగుండును, రసమట్టమును కడిగి పెట్టుదురు. రైతు ఇంట నాగలి, గొర్రు, గుంటక, పార, కొడవలి, గొడ్డలి ఉండును. ట్రాక్టరు ఉన్నచో దానికిని పూలదండ వేయుదురు. ఇల్లాలు వాడు రోలు, తిరగలి, కత్తిపీట, చేట కూడ పనిముట్లే. వైద్యుడు జ్వరము చూచు ఉష్ణమాపకము, సర్వేవారు పొలము కొలుచు గొలుసు, కొట్టులోని త్రాసు కూడ పనిముట్లే. మనిషి చేయు ప్రతి పని వెనుక ఒక పనిముట్టు ఉన్నది.

పూజ చేయుట మంచి ఆచారమే. కాని పూజకు పెట్టిన పనిముట్లలో మరునాడు పనికి నిజముగా సిద్ధముగా ఉన్నవెన్ని? ఈ ప్రశ్న ప్రతి రైతు తనకు తాను వేసుకొనవలెను. ఎందుకన పనిముట్టులోని లోపము తీరికవేళ బయటపడదు. తొలకరి కురిసి, నేల పదునై, ఊరంతయు ఒక్కసారిగా పొలములకు పరుగెత్తిన దినముననే బయటపడును. ఆనాడు కమ్మరి దొరకడు, వెల్డింగు దుకాణము ఖాళీగా ఉండదు, అద్దెయంత్రము మన కొరకు ఆగదు.

ఒక గ్రామములో జరిగినది

కొన్ని ఏండ్ల క్రిందట ఒక మెట్టగ్రామములోని రైతు విత్తనములు బాగుగా లేవని ఫిర్యాదు చేయగా నేను చూడబోతిని. ఆయనది ఆరెకరముల ఎర్రచెలక. మంచి వాన కురిసిన మరునాడే ట్రాక్టరుకు ఎనిమిది సాళ్ళ గొర్రు కట్టి వేరుసెనగ విత్తినారు. పది దినములు గడచినవి. పొలములో ఆరు సాళ్ళు చక్కగా మొలిచినవి. ప్రక్కనున్న రెండు సాళ్ళలో ఒక్క మొలకయు లేదు. మరల ఆరు సాళ్ళు పచ్చగా, రెండు సాళ్ళు ఎర్రగా, పొలము ఈ చివరనుండి ఆ చివరవరకు చారలు తీరియున్నది.

"అయ్యా, విత్తనం చచ్చు విత్తనం. నన్ను మోసం చేశారు" అని ఆయన వాపోయెను.

"పెద్దాయనా, చచ్చు విత్తనమైతే పొలమంతా పలుచగా మొలవాలి గదా! రెండు సాళ్ళకే ఎందుకు పట్టింది? ముందు ఆ గొర్రు చూద్దాం పదండి" అంటిని.

గొర్రు గొట్టములు విప్పి చూచితిమి. రెండు గొట్టములలో కందిరీగలు మట్టితో గూళ్ళు కట్టుకొన్నవి. ఏడాది పొడవున గొర్రు చూరుక్రింద పడియుండెను. దానిని దింపి, దుమ్ము దులిపి, నేరుగా పొలమునకు తోలినారు. నడుపువాడు ముందుకు చూచుచుండెను. విత్తనపు పెట్టెపై మూత ఉన్నది. గింజ పడుచున్నదో లేదో చూచినవారు లేరు.

లెక్క కట్టి చూడుడు. ఎనిమిదింట రెండు సాళ్ళు పోయిన, ఎకరమునకు 25 సెంట్లు బీడుపడినట్లే. ఆరెకరములకు ఎకరమున్నర. దున్నిన ఖర్చు, ఎరువు, కలుపుకూలి మాత్రము ఆరెకరములకును పడును. అప్పటికి నేల పైతడి ఆరిపోయినది. తరువాతి వానకు ఆ ఖాళీసాళ్ళలో అలసందలు, కంది వేయించి కొంత సర్దుకొంటిమి. కాని పోయిన అదను తిరిగి రాలేదు. విత్తనము అమ్మినవారిపై చేసిన ఫిర్యాదును ఆ రైతు తానే వెనుకకు తీసికొనెను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్లు" అని మనకొక సామెత గలదు. చేతగానివాడు పనిముట్టును నిందించునని దాని భావము. కాని కొన్నిసార్లు మద్దెల నిజముగనే ఓడై ఉండును. ఆటకు ముందే దానిని తట్టి చూచుకొనుట తెలివిగల ఆటగాని లక్షణము.

చేతి పనిముట్టు చెప్పును, యంత్రము చెప్పదు

పూర్వపు కొయ్యగొర్రుకు జడ్డిగము అను చిల్లుల గిన్నె, దానినుండి దిగు వెదురు గొట్టములు ఉండును. గింజలు పోయువారి వ్రేళ్ళు ఆ చిల్లులపైననే ఆడుచుండును. ఒక గొట్టము పూడిన వెంటనే చేతికి తెలియును. కొడవలి మొద్దుబారిన మణికట్టునకు తెలియును. పార పిడి వదులైన అరచేతికి తెలియును. చేతి పనిముట్టు తన లోపమును తానే చెప్పుకొనును. యంత్రము అట్లు కాదు. అది ఎక్కువ పనిని త్వరగా చేయును, తన లోపమును కూడ త్వరగా పొలమంతట పరచును, కాని మనకు చెప్పదు. కావున యంత్రము వాడువారు ముందుగా పరీక్షించుకొనక తప్పదు. కొలుచు పరికరముల సంగతియు ఇంతే. తప్పుడు త్రాసు నిజమైన త్రాసువలెనే కనబడును.

గొర్రుతో విత్తుట మనకు కొత్త విద్య కాదు. ఇంగ్లాండులో జెత్రో టల్ అనునాతడు 1701లో విత్తనపు యంత్రమును తయారుచేసినాడు. 1795 ప్రాంతమున కెప్టెన్ హాల్కాట్ అను ఆంగ్లేయుడు దక్షిణ భారతమున రైతులు గొర్రుతో సాళ్ళుగా విత్తుటను చూచి ఆశ్చర్యపడినాడు. ఇది ఐరోపావారి క్రొత్త కల్పన అని తాననుకొన్నది పొరపాటని తెలిసికొని, ఆ సంగతిని తన దేశపు వ్యవసాయ బోర్డుకు వ్రాసినాడు. అంతటి పనితనము మనది. దానిని క్రొత్త యంత్రములకును అన్వయించుకొనవలెను.

ఇక ఒక్కొక్క తెగ పనిముట్లను ఎట్లు పరీక్షింపవలెనో చూతము.

1. కోయు పనిముట్లు

కొడవలి, గొడ్డలి, తొల్లిక, దోకుడుపార, పార, నాగటి కర్రు, వడ్రంగి ఉలి, ఇంటిలోని కత్తిపీట, ఇవన్నియు ఒకే సూత్రముపై పనిచేయును. సన్నని అంచు వస్తువులో దూరి దానిని చీల్చును. అంచు ఎంత సన్ననిదైన అంత తేలికగా తెగును. కాని అంత త్వరగా విరుగును. కాబట్టి ఏ పనికి ఆ వాలు ఉండవలెను. వడ్రంగి తన ఉలిని సాధారణముగా 25 నుండి 30 డిగ్రీల వాలున సానపెట్టును. క్షౌరపు కత్తి అంతకంటె చాల సన్నము. రాళ్ళను తాకు గడ్డపార మొన అంతకంటె మొద్దుగా ఉండవలెను.

అంచు నిలుచుట ఇనుముయొక్క గుణముపైన, కమ్మరి పదును పెట్టిన విధముపైన ఆధారపడియుండును. ఉక్కును ఎర్రగా కాల్చి నీటముంచిన అది గట్టిపడును, కాని పెళుసగును. దెబ్బ తగిలిన పెచ్చులూడును. అందుచే కమ్మరి అంచును రుద్ది తళతళలాడజేసి మరల మెల్లగా వేడిచేయును. అప్పుడు దానిపై మొదట లేత గడ్డిరంగు, పిమ్మట గోధుమరంగు, ఊదారంగు, కడపట నీలిరంగు వచ్చును. గడ్డిరంగు సుమారు 220 నుండి 230 డిగ్రీల సెల్సియసు వేడికి, నీలిరంగు సుమారు 300 డిగ్రీలకు గుర్తు. గడ్డిరంగున ఆపిన అంచు గట్టిగా ఉండును. నీలిరంగున ఆపినది కొంత మెత్తబడి దెబ్బకు ఆగును. ప్రయోగశాలలోని ఉష్ణమాపకము చేయు పనిని కమ్మరి కన్ను చేయుచున్నది.

దీనినుండి రైతు గ్రహింపవలసినవి మూడు. మొదటిది, కార్బను తగినంత లేని మెత్తని ఇనుమును ఎన్నిసార్లు నీటముంచినను అది గట్టిపడదు. పాత లారీ కమాను పట్టీలతో చేసిన కత్తులు, కొడవళ్ళు ఎక్కువకాలము మన్నుటకు కారణము వానిలోని ఉక్కే. రెండవది, కరెంటు సానరాయిపై పట్టునపుడు అంచు నీలిరంగుకు తిరిగినచో కమ్మరి పెట్టిన పదును పోయినట్లే. మాటిమాటికి నీటిలో ముంచుచు మెల్లగా పట్టవలెను. మూడవది, పళ్ళున్న కొడవలిని నున్న కొడవలివలె రాయిపై నూరరాదు. పళ్ళు అరిగిన, ఆకురాయితో పళ్ళు మరల తీయించుకొనవలెను.

మన భాషలో కత్తి వాదరకును, విత్తుటకు తగిన నేలతడికిని "పదును" అను ఒకే మాట గలదు. రెండింటి స్వభావమును ఒకటే. చూచుచుండగానే పోవును. కత్తి పదును ముందుగా సిద్ధముచేసికొన్నవాడే నేల పదునును అందుకొనగలడు.

2. దున్ను పనిముట్లు

దుంప, కర్రు, మేడి, ఏడికోల, కాడి, ఇవి నాట్లనాగటి భాగములు. ఇది నేలను చీల్చి గాడి చేయునుగాని మట్టిని తిరుగవేయదు. గాడికి గాడికి నడుమ దున్నని మిట్ట మిగులును. అందుకే మన పెద్దలు నిలువు దున్నిన తరువాత అడ్డము దున్నిరి. రెక్క నాగలి మట్టిని కోసి బోర్లించును. కలుపు, పచ్చిరొట్ట మట్టిక్రింద పడి కుళ్ళుటకు ఇది మేలు.

నేలను బట్టి పనిముట్టును ఎన్నుకొనవలెనుగాని పనిముట్టును బట్టి నేలను లొంగదీయరాదు. 1837లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున జాన్ డీర్ అను కమ్మరికి ఈ సంగతి పని నేర్పినది. తూర్పు రాష్ట్రములలో చక్కగా నడచిన పోత ఇనుప నాగళ్ళు అక్కడి జిగట నల్లమట్టిలో సాగలేదు. మట్టి రెక్కకంటుకొని కొన్ని అడుగులకొకసారి గోకవలసివచ్చెను. ఆయన నున్నగా మెరుగుపెట్టిన ఉక్కురెక్కను అమర్చగా మట్టి తనంతట జారిపోయెను. మన నల్లరేగడిలో దున్నువారికి ఈ కథ విడమరచి చెప్పనక్కరలేదు. త్రుప్పుపట్టిన రెక్క కూడ గరుకురెక్కవంటిదే. పని ముగిసిన వెంటనే రెక్కను కడిగి, తుడిచి, నూనె పూయుట అందుకే.

నేడు రోటవేటరు చాల గ్రామములలో వాడుచున్నారు. అది మట్టిని మెత్తగా చేయును. కాని ఏటేట అదే లోతున దున్నిన, క్రింద గట్టిపొర ఏర్పడును. వరిమడిలో ఆ పొర నీరు ఇంకిపోకుండ ఆపును గనుక మంచిదే. కంది, పత్తి, వేరుసెనగ వంటి మెట్టపైరులకు అదే పొర వేరుకు అడ్డుగోడ. నేల తడిగానున్నపుడు సన్నని ఇనుప చువ్వను పొలములో పదిచోట్ల గుచ్చి చూడుడు. అన్నిచోట్ల ఒకే లోతున ఆగిపోయిన గట్టిపొర ఉన్నట్లే. దానిని వేసవిలో నేల పొడిగానున్నపుడు ఉలి నాగలితో చీల్చవలెను. తడినేలలో ఉలి నాగలి గాడి చేయునుగాని పొరను పగులగొట్టలేదు.

3. విత్తు పనిముట్లు

గొర్రును పొలమునకు తోలుటకు వారము ముందు ఈ పరీక్ష చేయుడు. ఇద్దరు మనుషులు, అరపూట సమయము చాలును.

మొదట గొట్టములన్నియు విప్పి, ఒక చువ్వను ఈ చివరనుండి ఆ చివరకు దూర్చి చూడుడు. పిమ్మట గొర్రును నేలనుండి పైకెత్తి చక్రము తిరుగునట్లు నిలుపుడు. ప్రతి గొట్టము చివర ఒక సంచి కట్టుడు. చక్రపు చుట్టుకొలతను, గొర్రు వెడల్పును కొలువుడు.

ఉదాహరణకు చక్రపు చుట్టుకొలత 1.5 మీటరు, సాళ్ళు ఎనిమిది, సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లు అనుకొందము. అప్పుడు గొర్రు వెడల్పు 2.4 మీటర్లు. చక్రము ఒక్కసారి తిరిగిన 3.6 చదరపు మీటర్లు విత్తినట్లు. అయిదు సెంట్ల భూమి సుమారు 202 చదరపు మీటర్లు. అనగా 56 చుట్లకు అయిదు సెంట్లు. ఎకరమునకు 60 కిలోల గింజ వేయదలచినచో ఈ 56 చుట్లకు 3 కిలోలు పడవలెను. ఎనిమిది సంచులను విడివిడిగా తూచుడు. ఒక్కొక్కదానిలో సుమారు 375 గ్రాములు ఉండవలెను. మొత్తము సరిపోయి సంచులలో తేడా ఉన్నచో గొట్టములలో లోపము. అన్నింటను ఒకే విధముగా తక్కువైనచో గింజ వదలు అమరికలో లోపము.

పొలములో ఒక చిన్న జాగ్రత్త. ట్రాక్టరు ఆగియున్నపుడు గొర్రును నేలలోనికి దింపిన, లేక దింపియుండగా వెనుకకు నడిపిన, గొట్టముల మొనలలో మట్టి క్రుక్కుకొనును. ముందుకు నడుచుచుండగనే దింపవలెను. ప్రతి పెట్టె నింపునపుడు ఒక మనిషి సాలులో మట్టి తీసి గింజ పడినదో లేదో చూడవలెను. కొయ్యగొర్రుకు జడ్డిగముపై ఆడిన వ్రేళ్ళ పనిని ఇప్పుడు కన్ను చేయవలెను.

4. మందు చల్లు పనిముట్లు

స్ప్రేయరు కూడ కొలతపాత్ర వంటిదే. ఎకరమునకు ఎంత మందు పడవలెనో డబ్బాపై ఉండును. కాని మన స్ప్రేయరు, మన నడక ఎకరమునకు ఎంత నీరు పోయునో డబ్బాపై ఉండదు. దానిని మనమే తెలిసికొనవలెను. 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల చోటు ఇంచుమించు ఒక సెంటు. ట్యాంకులో మంచినీరు కొలిచి పోసి, రోజూ నడచు నడకతోనే ఆ చోట చల్లుడు. ఎంత నీరు తగ్గినదో చూచి నూటితో హెచ్చవేసిన ఎకరమునకగు నీరు వచ్చును. రెండు లీటర్లు తగ్గిన ఎకరమునకు 200 లీటర్లు. ట్యాంకు 16 లీటర్లదైన పన్నెండున్నర ట్యాంకులు. ఎకరమునకు 400 మిల్లీలీటర్ల మందు అని ఉన్నచో ట్యాంకుకు 32 మిల్లీలీటర్లు. ఈ లెక్క లేక మూతతో ఉజ్జాయింపుగా పోసినవారు పురుగు చావలేదని మందును నిందించుదురు, లేక మందు హెచ్చి పైరు మాడ్చుకొందురు.

నాజిలు రంధ్రము వాడగా వాడగా అరిగి పెద్దదగును. క్రొత్త నాజిలునుండి నిమిషములో వచ్చు నీటిని కొలిచి వ్రాసియుంచుకొనుడు. పాతదానినుండి అంతకంటె నూటికి పదివంతులు హెచ్చుగా వచ్చిన దానిని మార్చవలెను. పూడిన నాజిలును నోటితో ఊదరాదు, తీగతో పొడువరాదు. నీటితో కడిగి, మెత్తని బ్రష్షుతో శుభ్రము చేయవలెను. కలుపుమందులకు విసనకర్రవలె పరచుకొను నాజిలు, పురుగు తెగుళ్ళ మందులకు గొడుగువలె విచ్చుకొను నాజిలు వాడవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది ఇది. వరిలో, జొన్నలో 2,4-డి కలుపుమందు చల్లిన స్ప్రేయరుతో పత్తిపై పురుగుమందు చల్లరాదు. గొట్టములలో మిగిలిన కొద్దిపాటి మందైనను పత్తి ఆకులను సన్నగా, వ్రేళ్ళవలె చీలినట్లు చేసి పైరును దెబ్బతీయును. చాలమంది దీనిని తెగులనుకొని మరిన్ని మందులు కొనుచున్నారు. కలుపుమందులకు వేరే స్ప్రేయరు ఉంచుకొని దానిపై ఎర్రరంగు గుర్తు వేయుట అన్నిటికంటె చవకైన మార్గము. అద్దె స్ప్రేయరు తెచ్చినపుడు దానితో ముందు ఏమి చల్లినారో అడిగి తెలిసికొనక పొలములో అడుగు పెట్టకుడు.

5. కొలుచు పనిముట్లు

భూమిని కొలుచు గొలుసును 1620లో ఇంగ్లాండులో ఎడ్మండ్ గంటర్ అను గణితశాస్త్రజ్ఞుడు ప్రవేశపెట్టినాడు. దాని పొడవు 66 అడుగులు, కడియములు 100. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. ఒక చదరపు గొలుసు పది సెంట్లు. అరగొలుసు, అనగా 33 అడుగులు, నలుచదరమైన అది ఒక గుంట. నలుబది గుంటలు ఎకరము. ఈ లెక్కలన్నియు ఒక పనిముట్టునుండి పుట్టినవే. గొలుసు వాడగా వాడగా కడియములు అరిగి సాగును. సాగిన గొలుసు ఉన్న భూమిని తక్కువ చేసి చూపును. అందుచే దానిని ప్రామాణికమైన కొలతతో అప్పుడప్పుడు సరిచూచెడివారు. నేడు ఉపగ్రహ సంకేతములతో పనిచేయు పరికరములు వచ్చినవి. వానినిగూడ తెలిసిన రాళ్ళవద్ద సరిచూచుకొనుట అవసరమే.

త్రాసును పరీక్షించుట మరింత సులభము. సరుకును ఎడమతట్టలో ఉంచి తూచుడు. పిమ్మట సరుకును కుడితట్టలోనికి, రాళ్ళను ఎడమకు మార్చి తూచుడు. రెండు తూకములు ఒకటైన త్రాసు నిజము. ఒకసారి 49 కిలోలు, మరొకసారి 51 వచ్చిన, కాడి చేతులు సమముగా లేవు. నిజమైన బరువు సుమారు 50. ఎలక్ట్రానిక్ కాటానైనచో సరుకు పెట్టకముందు సున్న చూపుచున్నదో లేదో చూడుడు. ముద్ర ఉన్న రాయిని పళ్ళెము నడుమను, నాలుగు మూలలను ఉంచి ఒకే తూకము వచ్చునో లేదో చూడుడు. 50 కిలోలకు ఒక కిలో తేడా వచ్చిన, 20 క్వింటాళ్ళ మిరపకాయలు అమ్ము రైతుకు 40 కిలోలు పోయినట్లే. ఏడాది కష్టము చివరి ఘడియలో జారిపోవు చోటు ఇదే.

వర్షమాపకము ఖరీదైన వస్తువు కాదు. అడుగు చదునుగా, అంచులు నిట్టనిలువుగా ఉన్న ఏ పాత్రయైనను చెట్లకు, గోడలకు దూరముగా పెట్టి, ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు స్కేలుతో నీటిలోతు కొలిచి వ్రాసికొనవచ్చును. వాతావరణ శాఖవారు రోజువారీ వర్షపాతమును లెక్కించునదియు ఆ వేళకే. ఒక మిల్లీమీటరు వాన అనగా చదరపు మీటరునకు ఒక లీటరు నీరు. 25 మిల్లీమీటర్ల వానకు ఎకరము మీద పడు నీరు లక్ష లీటర్లకు పైమాట. ఈ లెక్క తెలిసినవారు "మంచి వాన" అను మాటతో తృప్తిపడరు. అయినను పాత్ర చెప్పినదానిని పార సరిచూడవలెను. పొలములో నాలుగుచోట్ల త్రవ్వి తడి ఎంత లోతు దిగినదో కంటితో చూచిన తరువాతనే విత్తవలెను.

పిడి, బందు, కాపుదల

పచ్చికర్రతో చేసిన పిడి ఎండినకొద్ది ముడుచుకొని వదులగును. నీటిలో నానబెట్టిన బిగియును, కాని ఆరిన వెంటనే మరల వదులగును. ఇది ఒక పూటకు సరిపోవు ఉపాయమే. నీడన బాగుగా ఆరిన కర్రను, పొర నిడివిగా సాగిన దానిని, ముడులు లేనిదానిని ఎన్నుకొని, మేకు దిగగొట్టి బిగింపవలెను. వదులు పిడితో గొడ్డలి ఊడి ఎదుటివానికి తగులు ప్రమాదము గలదు.

యంత్రములవద్ద పంచె చెంగు, చీర కొంగు, తువాలు వ్రేలాడకుండ బిగించుకొనవలెను. ట్రాక్టరునుండి యంత్రమునకు పోవు తిరుగుడు కడ్డీపై కప్పు లేనిదే పని మొదలుపెట్టరాదు. నూర్పిడి యంత్రములో పనను చేతితో లోనికి త్రోయరాదు. తిరుగుచున్న యంత్రమును బాగుచేయబూనరాదు.

పని ముగిసిన తరువాత ఇనుమును కడిగి, ఆరబెట్టి, నూనె పూయుడు. కొయ్యను చెదలు తగులని ఎత్తున ఉంచుడు. గొట్టముల మూతులను గుడ్డతో కట్టుడు. కందిరీగకు ఆ గుడ్డ చాలును. ఆరెకరముల రైతుకు ఎకరమున్నర పోకుండ ఆ రెండు గుడ్డపేలికలు కాపాడియుండెడివి.

గ్రామోద్యోగులు చేయదగిన సాయము

పూర్వము కళ్లములో వడ్రంగికి, కమ్మరికి మేర కొలిచెడివారు. దానికి బదులుగా వారు ఏడాది పొడవున ఊరి పనిముట్లను బాగుచేసెడివారు. నేడు ఆ ఏర్పాటు చాల గ్రామములలో పోయినది. కొలిమి ఆరిపోయిన ఊళ్ళలో రైతు చిన్న పనికైనను పట్టణమునకు పోవలసివచ్చుచున్నది. కావున ముందుచూపు అవసరము పూర్వముకంటె నేడే ఎక్కువ.

వేసవిలో ఒక దినమును నిర్ణయించి, ఊరి రచ్చబండవద్ద పనిముట్ల పరీక్షను ఏర్పాటు చేయుడు. ఒక కమ్మరిని, ఒక వడ్రంగిని, యంత్రములు బాగుచేయువారినొకరిని పిలిపింపుడు. కొలతపాత్ర, ముద్ర ఉన్న తూకపురాళ్ళు, టేపు సిద్ధముగా ఉంచుడు. ప్రతి గొర్రును, ప్రతి స్ప్రేయరును అక్కడనే పరీక్షించి, ఎంత గింజ, ఎంత నీరు పడుచున్నదో చీటీ వ్రాసి దానికి కట్టుడు. అద్దెకిచ్చు యంత్రములను మొట్టమొదట పరీక్షింపుడు. ఒక సొంత గొర్రులోని లోపము ఒక రైతును, అద్దెగొర్రులోని లోపము ఊరినంతను నష్టపరచును. చిన్నరైతులే అద్దెయంత్రములపై ఎక్కువగా ఆధారపడుచున్నారని మరువరాదు.

రైతు సోదరులకు, సోదరీమణులకు మనవి

ఈ వ్యాసములోని పనిని అయిదు మాటలుగా గుర్తుంచుకొనుడు.

అంచు చూడుడు: పదునున్నదా, నీలిబారినదా?

నేల చూడుడు: ఈ నేలకు ఈ పనిముట్టు తగునా?

గొట్టము చూడుడు: అన్ని సాళ్ళలో సమముగా గింజ పడుచున్నదా?

నాజిలు చూడుడు: ఎంత పోయుచున్నది, ముందు దీనితో ఏమి చల్లినారు?

కొలత చూడుడు: త్రాసు ఇరువైపుల ఒకే తూకము చెప్పుచున్నదా?

"అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు" అని మన పెద్దలు చెప్పిరి. అదను మన చేతిలో లేదు. వాన ఎప్పుడు వచ్చునో మనము నిర్ణయింపలేము. కాని వాన వచ్చిననాడు మన గొర్రు సిద్ధముగా ఉండుట మన చేతిలోనే ఉన్నది. దసరాకు పూజ చేయుడు, ఏరువాక పున్నమికి వారము ముందు పరీక్ష చేయుడు. ఈ సాయంకాలమే చూరుక్రింద ఉన్న గొర్రును దింపి, దాని గొట్టములలోనికి ఒక చువ్వ దూర్చి చూడుడు.